పాకల పీపా పంచనామా

తేదీ వేశాను. వారం వేయలేదు.
స్థలం: సింగరాయకొండ దగ్గర పాకల,
సముద్రానికి కూతవేటు దూరంలో
తాటాకు ఇల్లు, దక్షిణపు వసారా.
సమయం: ఆరేసిన వలల వాసన
చెప్పకుండా లోపలికి నడిచొచ్చే వేళ.

స్వాధీనపరచుకోవలసిన వస్తువు:
చెక్క పీపా, ఒకటి.
రెండొందల లీటర్లు పట్టేది.
ఇనపకట్లు నాలుగు, అందులో ఒకటి వదులు.
నడుమున కాల్చి వేసిన అక్షరాలు,
తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు.
"తుపానప్పుడు సముద్రం తెచ్చి పడేసి పొయ్యింది నాయనా,
మళ్ళా అడగను రాలా."
ఇది ముద్దాయి ఈడిగ పెంచలమ్మ వాంగ్మూలం.
వయసు అరవయ్యో డెబ్బయ్యో
ఆమెకూ తేలలేదు, నాకూ తేలలేదు.

లోపలి ద్రవం:
ఇక్కడ కలం ఆగింది.
కల్లు అని రాద్దామంటే నురగ లేదు,
నాకు తెలిసిన కల్లుకు ఆయుష్షు ఒక్కపూట.
సారా అని రాద్దామంటే
అగ్గిపుల్ల గీసి చూశాను, అంటుకోలేదు.
రంగు, లాంతరు ముందు పెడితే
కోడిపుంజు తురాయి.
పక్కకు జరిపితే
కందుకూరు ఎర్రమట్టి కడిగిన నీళ్ళు.

"తాటికల్లే నాయనా.
నేరేళ్ళు రాలే నెలలో గంపెడు పిసికి పోస్తా.
బంకమట్టితో మూత మెత్తి
ఏడాది దాని మొహం చూడను.
తీసేటప్పుడు మూడోవంతే తీస్తా,
తీసినంతా కొత్తది పోస్తా.
తోడు లేకుండా పాలే పేరుకోవు,
ఇది మాత్రం ఎట్టా పులుస్తాది?
పాతది చెప్తాది, కొత్తది ఇంటాది."

నమూనా తీయమని ఎస్సై మస్తానయ్య హుకుం.
సీసా నింపాను, బిరడా బిగించాను, లక్క వేశాను.
గరిటెలో కొంచెం మిగిలింది.
పారబోస్తే సాక్ష్యం నాశనం చేసినట్టు.
తిరిగి పీపాలో పోస్తే
సాక్ష్యం కల్తీ చేసినట్టు.
తాగాను.

ముందు దవడల కింద మెరుపు.
చింతకాయ కాదు, గోంగూర కాదు.
మూడోరోజు చేపల పులుసు అడుగున
ముక్కలన్నీ అయిపోయాక వేలికి దొరికే పులుపు,
కోపం చల్లారి, మాట మిగిలినట్టు.
ఆ వెనక చెక్క:
ఉప్పునీళ్ళలో నాని నాని
ఒడ్డున బోర్లేసిన పడవ పక్క.
ఆఖరున నేరేటి వగరు
నాలుక చెయ్యిపట్టి ఆపి
ఎక్కడికి పోతావు కూర్చోమంది.

ఎన్నాళ్ళుగా నడుస్తోంది ఈ వ్యవహారం? అడిగాను.
అది గడిలో ఉన్న ప్రశ్నే.
"చెంగయ్య మోకు తెగిన ఏడు మొదలు.
ఆ పొద్దు ఆయన కట్టిన లొట్టి చెట్టుమీదే ఉండె.
మూడోనాడు కుర్రోడెవడో ఎక్కి దించాడు.
అప్పటికే పులిసి పొయ్యింది.
ఎవురికి పొయ్యను?
ఇందులో పోశా."

తొమ్మిదేళ్ళు.
కాగితం తిప్పి వెనకవైపు లెక్క వేశాను.
లొట్టికి అయిదు లీటర్లు,
ఏటా మూడోవంతు పోతే,
పోగా మిగిలినదాంట్లో మళ్ళీ మూడోవంతు పోతే...
అరగ్లాసు.
రెండొందల లీటర్ల ఎరుపులో
చెంగయ్య ఇంకా అరగ్లాసు ఉన్నాడు.
గొడ్డలి తెచ్చిన జవాను గడప బయట
బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు.
ఆ అరగ్లాసు రాయడానికి
నమూనా పత్రంలో గడి లేదు.

స్టేషన్‌కి వచ్చాను.
"ఏం తేలింది?" అన్నాడు మస్తానయ్య.
చెబుదామని నోరు తెరిచాను.
నా నాలుక ఊదారంగులో
నాకంటే ముందే చెప్పేసింది.
ఆయన చాలాసేపు చూశాడు,
గోడమీద పటం చూసినట్టు.
"పచ్చళ్ళలోకి పులుపు అని రాయి" అన్నాడు.
తర్వాత, ఫైలు మూస్తూ,
"ఆ సీసా ఇటియ్యి."

లక్క మీద నా వేలిముద్ర ఉంది.
దాన్ని ఆయన జాగ్రత్తగా,
పగలకుండా, గోటితో లేపాడు.