రెండో గీత

కొబ్బరి లోడు లారీ దాటింది.
కంటికి లాకుల వంతెన కదల్లేదు.

కాలవ గట్టున మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా.
కమ్మీ మీద తుప్పు మచ్చ ఒకటి
పిక్సెల్‌లో పదోవంతు ఊగిందని లెక్క.
యాభై రెట్లు పెంచి చూపిస్తే
ఇనుము, అమ్మో, బొమ్మిడాయిలా మెలికలు తిరిగింది.

"ముప్పయ్యేళ్ళుగా అరిచేతికి తెలుసండి,"
అన్నాడు లస్కరు ఏసుపాదం,
"మీకిప్పుడు అగుపడింది."

సెకనుకు మూడుసార్లు వంతెన.
పక్కనే ఇంకో గీత, ఐదు దగ్గర.
గాలా? కాలవ నీళ్ళా? నా స్టాండేనా?
ఫ్రేములన్నీ వెతికాను:
కమ్మీ పట్టుకున్న ఆయన చెయ్యి.

"అదేంటండీ, ఆ రెండోది?"

నివేదిక కోసం ఆ మూల కత్తిరించాను.
ఆయనకింకా చెప్పలేదు.
అమలాపురం బస్సొస్తోంది.
చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు,
నేనడక్కుండానే.