మేజిస్ట్రేటు గారికి ఏడో పాఠం

బంతి అప్పుడే పెట్టకండి సార్.
మంచు విడలేదు. కెన్యా కొండ ఇంకా మబ్బు ముసుగులోనే ఉంది.
హడాడా పక్షులు మాత్రం లేచి
ఎవరి మీదో ఫిర్యాదు చేస్తూ పోతున్నాయి.
ముందు మీ ఎడమ మడమ సంగతి చూద్దాం.

క్లబ్బు పైకెత్తేటప్పుడు మీరు మహా నిదానం.
గాలి చూస్తారు, గొంతు సవరించుకుంటారు,
పైదాకా వెళ్ళాక మాత్రం
వెనక ఎవరో తరుముతున్నట్టు
భుజాలు ముందుకు, చేతులు ముందుకు,
గొడ్డలి దించినట్టు దించేస్తారు.
బంతి ఏం చేస్తుంది పాపం,
కుడి పక్కకి వంపు తిరిగి
యూకలిప్టస్ చెట్లలో తలదాచుకుంటుంది.
నిన్న పదకొండు వెతికాను. రెండు దొరకలేదు.

ఈ తువ్వాలు చంకలో పెట్టుకోండి.
కుడి చంకలో. పాతదే, ఉతికిందే.
కొట్టేదాకా జారకూడదు.
జారిందంటే మోచెయ్యి ఇల్లు వదిలి ఊరేగుతోందని లెక్క.
జేబులో చిల్లర ఉందో లేదో తడుముకోవడానికి వచ్చినట్టు
అది మీ నడుం పక్కకి రావాలి.

ఇప్పుడు నడుం దాకా దించండి. ఆపండి.
మళ్ళీ పైకి. మళ్ళీ నడుం దాకా. ఆపండి.
మూడుసార్లు ఉత్తుత్తిదే.
నాలుగోసారి...
ఉండండి సార్, నేనింకా కొట్టమనలేదు.

అటు చూడండి, ఐదో గుంట పక్కన
గిచూకి ముసలాయన గడ్డి కొడుతున్నాడు.
చేతిలో కొస వంగిన ఇనప బద్ద, అంతే.
ఈ క్లబ్బులో ఒక్కరోజూ ఆట ఆడలేదు ఆయన.
పాదం ముందు బరువెక్కుతుంది,
తర్వాత నడుం తిరుగుతుంది, తర్వాత భుజం,
బద్ద అన్నిటికన్నా వెనక,
పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన మేనమామలా.
అది వచ్చాకే గడ్డి ఒరుగుతుంది.
చప్పుడు విన్నారా?
గాలి అరిచేది కింద, గడ్డి దగ్గర.
మీకు నెత్తి మీదే అరిచేస్తుంది,
బంతి దగ్గరికొచ్చేసరికి గొంతు పోతుంది.

ఆరు నెలలు.
ఇది మీకు చెప్పను సార్, నాలో నేనే అనుకుంటున్నా.
ఆ పొద్దున మీ బల్ల మీద ముప్ఫై ఏడు ఫైళ్ళు.
మా తమ్ముడు వహోమేది ఇరవై తొమ్మిదోది.
"సార్, ఆ సారా డబ్బా..." అన్నాడు వాడు.
అక్కడే మీ చేతులు ముందొచ్చేశాయి.
వాక్యం పూర్తయితే డబ్బా ఎవరిదో తేలేదేమో,
వాడిదే అని తేలేదేమో కూడా, నాకు తెలీదు.
వెనక బెంచీలో మా అమ్మ
చెప్పుల వైపు చూస్తూ కూచుంది.

ఆ, వచ్చేశా. టైరు దగ్గరికి రండి.
మతాతు బండిది, కరాటినా సంతలో
కేడీలమంతా చందా వేసుకుని కొన్నాం.
దీన్ని కొట్టి, అలాగే నిలబడిపోండి.
చేతులు క్లబ్బు కన్నా ముందున్నాయా?
బొడ్డు అటు తిరిగిందా?
కుడి మడమ లేచిందా?
లేదు. మళ్ళీ.
లేదు. మళ్ళీ.
చెమట తుడుచుకోండి, తువ్వాలుతో కాదు, అది చంకలోనే ఉండనివ్వండి.

ఇప్పుడు పెట్టండి బంతి.
పైన ఒక్క క్షణం. ఊపిరి అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు,
ఎడమ మడమ నేలకి ఆనిందని తెలిసేంతసేపు.

అబ్బ.

చూశారా ఎటు పోయిందో?
నేరుగా జెండా మీదికి, జెండా దాటి కూడా.
నవ్వకండి సార్, ఇంకొకటి కొట్టండి.
...
ఇదుగో, మళ్ళీ చెట్లలోకే.

ఉండనివ్వండి, నేను వెళ్ళను.
అక్కడ బంతులేరే కుర్రాడొకడున్నాడు,
ఏరి, కడిగి, యాభై షిల్లింగులకి
మీలాంటి వాళ్ళకే అమ్ముతాడు.
మార్చిలో బయటికొచ్చినప్పటి నుంచీ అదే వాడి పని.
మీరు తిన్నగా కొట్టడం నేర్చుకుంటే
వాడికి గడవదు.

అయినా తువ్వాలు సరిచేసుకోండి.
జారిపోతోంది.