దుప్పటి కింద ఎరుపు

సద్దుల బతుకమ్మ ఎల్లిన వారానికి
సోమిడి రోడ్డుల, మా గోడ పక్కనే,
కొత్త స్తంభం పాతిండ్రు.
తెల్లటి లైటు. చీమ నడిచినా నీడ పడేంత.
గల్లీ అంత సంబురపడ్డది.
నేనూ పడ్డ,
తాళంచెవికి తడుముకునే తిప్పలు పోయిందని.

ఎర్రాకు చెట్టుకే నచ్చలే.

ఏటా కార్తీక పున్నం దాటంగనే
కొసాకులకు రంగెక్కేది.
ఈసారి పచ్చగనే నిలబడ్డది
బడికి పోనని మొండికేసిన పోరిలెక్క.

మడికొండ నర్సరీ జక్కులు వచ్చి
ఒక ఆకు తుంచి, కారిన పాలు ప్యాంటుకు తుడుచుకొని
"రోగం గాదు కాకా,
దీనికి రాత్రి లేదు" అన్నడు.
"పద్నాలుగు గంటలు కటిక చీకటి గావాలె.
నడుమ ఇంత వెలుగు పడ్డా
లెక్క మల్ల మొదటికే."

ముప్పై మూడేండ్లు ఖాజీపేట జంక్షన్ల
సిగ్నల్ మీటలు గుంజినోణ్ణి.
ఎరుపంటే గుంజితే పడేదే అనుకున్న.

ఆ పొద్దు నుంచి మల్ల డ్యూటీ.
సాయంత్రం ఐదున్నరకు నాలుగు కట్టెల మీద
నా నైట్ డ్యూటీల నల్ల కంబళి కప్పుడు,
పొద్దుగాల ఏడున్నరకు తీసుడు.
నోటుబుక్కుల టైం రాసుడు. అలవాటు.

ఎదురింటి శంషాద్ బీ అడిగింది,
"చెట్టుకు చలి పెడుతుందా భాయ్?"
"లేదు బీ, వెలుగు పెడుతుంది."

అనసూయ నవ్వలే.
కంబళి అంచు కింద వెలుగు దూరే సందుకు
ఇటుక ఎత్తిపెట్టి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది:
నైట్ డ్యూటీ దిగి నేను పండుకునే పగళ్లు
కిటికీలకు రెండు మడతల ముదురు చీర,
పాలాయన గంట కొట్టకుండ గేటు కాడ్నే గిన్నె,
పిల్లల మూతుల మీద ఆమె వేలు.
ఎండాకాలం నడిమధ్యాహ్నం
నాకొక రాత్రి కట్టిచ్చింది మనిషి.
నేను అది ఇంటి గుణమనుకున్న.

పద్దెనిమిదో రోజు నాకు జ్వరం.
తెల్లారి పుస్తకం తెరిస్తే
వంకర అక్షరాలల్ల,
"5.30. కప్పిన."

ఇరవై ఏడో పొద్దు, మంచుకు బరువెక్కిన కంబళి తీస్తే
కొసన ఒక్కటే ఆకు,
నడిమి ఈనె పొంటి, గోరుతో గీరినట్టు
ఎర్రగ.

ఎరుపు కనబడితే ఆగాలె.
ఆగిన.

పిండి చేతులతోనే వచ్చి చూసింది అనసూయ.
"ఒక్కటేనా?" అన్నది.
అని, పోలే.