చేపల కాటా మీద కెమెరా

వార్డో రేవులో, కాడ్ చేపలు తూచే కాటా మీద
ముందు నా పాత కెమెరా పెట్టాను.
రెండు కిలోల మూడొందలు.
తర్వాత, కొట్టు తోర్లైఫ్
వారం రోజులకు చేబదులిచ్చిన కొత్తది.
లెన్సుతో సహా ఆరొందల నలభై.
"జాతి ఏమని రాయను?" అన్నాడు
తూకాల పుస్తకం తెరిచి ఆస్బ్యోర్న్.
"ఇంకా తేలలేదు" అన్నాను.

ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి పత్రికకు
పెళ్లిళ్లూ, పడవ మునకలూ, బడిపిల్లల బ్యాండూ
నా కుడి భుజం మీదుగానే వెళ్లాయి.
ఇప్పుడా భుజం
మంచు పడకముందే మంచు సంగతి చెబుతోంది.
ఎక్స్‌రే చూసి డాక్టరు "ఏం మోస్తుంటావు?" అంటే
"ఊరిని" అందామనుకుని
సిగ్గేసి, "కెమెరా" అన్నాను.

ఇది కోటు జేబులో పడుతుంది,
తాళాల గుత్తికీ దగ్గుబిళ్లలకీ మధ్య.
ఇంట్లో మరిచొచ్చానన్న సాకు ఇక చెల్లదు.

అయితే సెన్సరు చిన్నది.
అంచు కత్తిరించిన దుప్పటి.
నా పాత లెన్సు తగిలిస్తే
పడవ ముక్కు దొరికితే తోక దొరకదు.
రెండడుగులు వెనక్కి వెయ్యాలి;
నా వెనక రెండడుగుల్లో బేరెంట్స్ సముద్రం.
అదే కోత హోర్నోయా దీవిలో వరమైంది.
కొండచరియ మీది పక్షి
పిలవకుండానే వచ్చి ముందు కూర్చుంది,
కంటి వెనక తెల్లగీతతో సహా.

సూర్యుడు రెండు నెలల సెలవు ముగించి
పనిలో చేరి మూడు వారాలే.
మధ్యాహ్నం మూడింటికి దీపాలు పెడతాం.
ఆ వెలుతురులో ఐఎస్‌ఓ పెంచానా,
నల్లకోటు మీద బొంబాయి రవ్వ ఒలికినట్టు
నీడల నిండా నూకలు.

చలికి బ్యాటరీ అరపూటలో కళ్లు తేలేస్తుంది.
మరో రెండింటిని ఉన్ని బనీను లోపల
గుడ్లు పొదిగే కోడిలా దాచుకు తిరుగుతున్నాను.
చేతితొడుగుతో ఒక మీట నొక్కితే
ముగ్గురు పలుకుతారు.
కన్ను ఆనించి చూస్తే లోపల బుల్లి టీవీ:
సముద్రం గురించి కెమెరా అభిప్రాయం
సముద్రం కంటే అర సెకను ఆలస్యంగా.

ఇక తిరిగిచ్చేద్దామనే అనుకున్నాను.

నాలుగో రోజు షెడ్డులో ఐలిఫ్.
పదకొండేళ్లు. బడి వదిలాక
కాడ్ తలల్ని మేకుకు గుచ్చి నాలుకలు కోస్తాడు,
కిలోకి ఇంతని, కొత్త సైకిలు కోసం.
మేకు, కత్తి, బకెట్టు. మేకు, కత్తి, బకెట్టు.
పెదవుల మధ్య వాడి సొంత నాలుక కొస
పక్కకి వాలి, పనిలో మునిగి ఉంది.

పిట్ట కొంచెం కూత ఘనం అంటారు,
దీనికసలు కూతే లేదు.
పదిహేడు ఫోటోలు తీశాను.
పాతదైతే మొదటి టకాకే తలెత్తి
ఫోటో మొహం పెట్టేవాడు.
ఇరవై రెండేళ్లలో ఈ ఊళ్లో
నేను తియ్యని మొహం ఇది:
చూస్తున్నారని తెలియని మొహం.

ఆనందం ఇంటిదాకా నిలవలేదు.
ఆ టకా చప్పుడే కదా ఇన్నాళ్లూ
నా తరఫున తలుపు కొట్టింది.
ఇప్పుడు నేను పిల్లిలా
జనం మొహాల్లోకి దూరి బయటికొస్తున్నాను.

మర్నాడు వెళ్లి వాడికి చూపించాను.
చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.
"ఎప్పుడు తీశావ్?" అన్నాడు.
బాగుందనీ అనలేదు, తీసెయ్యమనీ అనలేదు.
చేతులు తుడుచుకుని, బకెట్టు జరిపి
మళ్లీ మేకు దగ్గరికి పోయాడు.

రేపు శనివారం, తోర్లైఫ్ గడువు.
సొమ్ము సగం కవర్లో పెట్టాను,
సగం ఇంకా మనసులో.

కెమెరా కంటికెత్తాను.
నొక్కేముందు,
నోట్లో నాలుకని అంగిలికి కొట్టి
"టక్" అన్నాను.
ఐలిఫ్ తలెత్తాడు.