గుండు, బద్ద

ఫిజికల్ కెమిస్ట్రీలో నలభై ఒకటి.
పాసే. ఎవరూ ఫెయిలనలేదు.
అయినా పీజీ సీటు అడిగేచోట
ఆ నలభై ఒకటి నాకన్నా ముందెళ్ళి కూచుంటుంది.

ఇంప్రూవ్‌మెంట్ ఫీజుకి శనివారం ఆఖరు.
ఏడొందల ఎనభై, ఫారానికి ఇరవై.
మళ్ళీ రాస్తే తగ్గొచ్చు కూడానట.
పుణ్యవతికి తగ్గింది,
ఆ సంగతి కాశీబుగ్గ జెరాక్సు షాపు దాకా తెలుసు.

అమ్మ పలాస ఫ్యాక్టరీ నుంచొచ్చి
పిక్కలు కొట్టిన రోజుల మరక ఇంకా వదలని వేళ్ళకి
ఆముదం రాసుకుంటోంది.
రోజల్లా తన పనీ గ్రేడులే:
గుండు ఒక ట్రేలోకి, బద్ద ఇంకోదాన్లోకి,
ముక్క, నూక.
కళ్ళు మూసుకునైనా ఏరగలదు.
"బద్దకి రుచి తక్కువేటే?" అంది.
"రేటు తక్కువ కదమ్మా" అన్నాను.
నవ్వలేదు.

ఆ సెమిస్టర్లోనే తిత్లీ వచ్చింది.
పన్నెండు రోజులు కరెంటు లేదు.
కూలిన జీడిచెట్లు దాటుకుని నీళ్ళు తెచ్చి
కొవ్వొత్తి దగ్గర ఎంట్రోపీ చదివాను.
చెదిరింది తనంతట తాను సర్దుకోదని
పుస్తకంలో ఉంది, వాకిట్లోనూ ఉంది.
పేపరు మీదే రాయలేకపోయాను.

ఇప్పుడు తొంభై తెచ్చుకుంటే
ఆ పన్నెండు రోజులూ మెమోలోంచి పోతాయి.
పోతే పోనీ, వాటికేం ఫ్రేము కట్టిస్తానా
అనుకుంటాను గానీ
చెయ్యి ఫారం మీద ఆగిపోతుంది.

పొద్దున్న లేచేసరికి పుస్తకం మీద
చెంగుముడిలో నలిగిన ఎనిమిది వందలు,
పక్కన ఓ జీడిబద్ద.

గేటు దగ్గర రోజూ తడిమి చూస్తారు.
ఎలా తెచ్చిందో అడగలేదు.
నమిలాను, నెమ్మదిగా.
నమలడం అయ్యాక
పెన్ను వెతుక్కున్నాను.