లోపల లైటు

అంచనా పత్రంలో నలభై ఒక్క పద్దులు.
బదాయర్ దిబ్బలకు పర్మిట్, రెండు జెనరేటర్లు,
ఇసుకలో దిగబడని బండ్లు మూడు,
మైనంతో చేసిన పుచ్చకాయ,
అక్రిలిక్ మంచుగడ్డలు కిలోన్నర,
గ్లిజరిన్.
నలభై రెండోది ఆఖర్న నేను చేర్చాను:
ఇసుక ఊడ్చే మనిషి, ఒకరు.

ఖల్ఫాన్ గారు దాని కింద గీత గీశారు.
"ఎడారిని ఊడుస్తారా?"
ఊడుస్తారండీ.
ఎర్రటి దిబ్బ, దాని నెత్తిన రెండు తలుపుల ఫ్రిజ్,
చుట్టూ ఎన్నడూ ఎవరూ నడవని ఇసుక
కావాలన్నది మీరే కదా.
ఆ ఎవరూ నడవని ఇసుక మీద
ఇరవై ఆరుగురం నడవాలి.

రెక్కీకి మూడుసార్లు వెళ్లాను.
సూర్యుడు ఏ నిమిషానికి ఏ మడతలోంచి లేస్తాడో
అంగుళాలతో సహా రాసుకున్నాను.
మూడోసారికి దిబ్బే జరిగిపోయింది.
నోట్‌బుక్ మాత్రం కదల్లేదు.

ఫ్రిజ్ నూట ముప్పై కిలోలు.
అంత బరువు పైకి ఎక్కదని
షరీఫ్ కంప్రెసర్ విప్పేశాడు, గొట్టాలు కోసేశాడు.
చల్లదనమంతా షార్జా వర్క్‌షాపులో
ఓ గోనెసంచి మీద ఉండిపోయింది.
దిబ్బెక్కినవి తలుపులు, అరలు,
లోపల నేను బిగించిన లైటు,
నీలం కాగితం చుట్టి,
చూస్తేనే పళ్లు జివ్వుమనేలా.

లింబాద్రిది భీమ్‌గల్.
ఈతాకు చీపురుతో వెనక్కి వెనక్కి నడుస్తూ
మా అడుగులు, ఆఖరికి తనవి, చెరుపుకుంటూ దిగేవాడు,
అప్పుడే తుడిచిన గచ్చు తడారకముందు
గది బయటికి జరిగే మనిషిలా.
రెండో రోజు ఎవరిదో ఒంటె వచ్చి
పుచ్చకాయ వాసన చూసి, మోసం తెలిసి, వెళ్లిపోయింది.
మళ్లీ మొదట్నుంచి ఊడ్చాడు.

పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని నిషేధం.
అందరం టార్పాలిన్ కింద,
ఫ్రిజ్ కూడా మాతోనే, పెయింటు పొంగుతుందని దించాం.
రీమ్ సిరంజితో ఆపిల్ పళ్లకు చెమటలు పోయిస్తోంది.
లింబాద్రి తన నీళ్ల సీసా పట్టుకొచ్చాడు.
"మేడం, జర ఇండ్ల వెట్టుకోవచ్చా? సల్లగైతయి."
చల్లబడవు లింబాద్రీ.
నమ్మలేదు. చెయ్యి లోపల పెట్టి చూసుకున్నాడు,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.
"మరి గింత లైటెందుకు?"
రీమ్‌కి ఇంగ్లీషులో చెప్పాను.
సిరంజి ఆపింది. నవ్వలేదు.

మూడో రోజు, ఐదూ నలభై ఒకటి.
మాకు దక్కిన పొద్దు పదకొండు నిమిషాలు.
నూట అరవై ఫ్రేములు.
మానిటర్ ముందు, గొడుగు కింద, ఖల్ఫాన్ గారు
"ఇంకొంచెం చల్లగా" అంటున్నారు.
నా కంటి మీద చెమట, వ్యూఫైండర్ మీద చెమట.
ఇంకొంచెం నీలం కలిపాను.

దించాక ఆ డొల్లని పారేయడానికీ ఓ పద్దుంది,
నాలుగు వందల దిర్హాములు.
"నాకియ్యుండ్రి మేడం. రూముల ఎనిమిది మందిమి,
బీరువా లేదు. దీనికి తాళం వడ్తది."
సజ్జా క్యాంపు దాకా మా బండిలోనే పంపాను.

ఇప్పుడా బొమ్మ హైవే మీద, నాలుగంతస్తుల ఎత్తున.
ఇసుకలో ఒక్క గుర్తు లేదు.
నలభై రెండో పద్దుకి మారుమాట లేకుండా డబ్బొచ్చింది.

నిన్న రాత్రి వాయిస్ మెసేజ్:
"మేడం, లైటు వోయింది. అదేం బల్బు?
నైట్ డ్యూటీ నుంచి వచ్చినోళ్లు
పండుకున్నోళ్లను లేపకుండ
తలుపు దీసి ఆ ఎలుగుల్నే అంగీలు ఎతుక్కుంటరు."

పాత బిల్లులన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాను.
గ్లిజరిన్ ఉంది. మైనం ఉంది.
నీలం కాగితం ఎన్ని షీట్లో కూడా ఉంది.
బల్బు ఎక్కడా రాయలేదు.