బ్యాటరీ మూడు గంటలొస్తదని చెప్పిన

జడ్చర్ల బస్టాండు ఎదురుంగ నా దుకాణం,
బోర్డు మీద సగం అక్షరాలు ఎండకు పోయినయి.
ఏడంగుళాల వీడియో ప్లేయరు,
మడత కాడ చిన్న పగులు,
పద్దెనిమిది వందలు చెప్పి పదకొండొందలకిచ్చిన
మేస్త్రి కురుమూర్తికి.

పాలమూరు లేబరు ఇమానమెక్కుతున్నదట.
లారీల ఇసుక మీద పండి పోయినోళ్లు,
రైలుపెట్టె తలుపుకాడ కూసుండి పోయినోళ్లు.
"పోర్ట్ బ్లెయిర్ల స్లాబు.
వానలు పట్టకముందే పొయ్యాలె, కాంట్రాక్టరుకు తొందర"
అనుకుంట జేబులకెల్లి టికెట్ల కాగితం తీసి
నాకు గాదు,
నా గోడ గడియారానికి చూపెట్టినట్టు పట్టుకున్నడు.

పదకొండు మంది. రెండున్నర గంటలు గాలిల.
కార్డుల ఏం ఎక్కియ్యాలె?
చెన్నకేశులుకు ఫైటింగులు.
బాలకిష్టయ్యకు దయ్యాల సిన్మ.
లాలప్పకు నవ్వులాట,
"నవ్వకుంటే నాకు కడుపుల తిప్పుతదన్నా,
బస్సుల తిప్పేది ఇమానంల తిప్పదా?"
ఒకడు నా చెవిల చెప్పింది
నేనిక్కడ రాయను.

ఆఖరుకు జమ్ములమ్మ,
తట్టలు మోసీ మోసీ నడినెత్తిన వెంట్రుకలు పలచబడ్డ మనిషి,
కొంగుముడి ఇప్పి ఫోను తీసింది.
"దీంట్ల మా బోరు పడ్డ రోజున్నది. అది ఎక్కియ్యి."

నాలుగు నిమిషాల పదారు సెకండ్లు.
మొదలు తెల్లపొడి. అంతా తెల్లపొడే.
బండి మోత, ఎవలో దగ్గుడు,
ఎవలో ఫీట్లు లెక్కబెట్టుడు.
ఐదొందల ఎనభై కాడ పొడి రంగు మారింది,
తడిసిన బూడిదోలె.
ఇగ బుస్సున లేచినయి నీళ్లు.
ఫోను పట్టినోడు ఎగిరిండేమో,
మబ్బు, చెప్పులు, మళ్ల మబ్బు,
ఎవలిదో నానిన నవ్వు.

"రెండెండకాలాలు పోసింది" అన్నది
నేను అడగకముందే,
ముడి మళ్ల కట్టుకుంట.

బ్యాటరీ ఎంతసేపొస్తదన్నడు కురుమూర్తి.
మూడు గంటలన్న.
గంటంబావు గూడ రాదని ఎరికే నాకు.

ఏడు నెలలకు తిరిగొచ్చింది ప్లేయరు,
మడతల సిమెంటు గడ్డకట్టి.
కురుమూర్తి స్టూలు మీద కూసోని చెప్పిండు.
ఇయర్‌ఫోను ఒక్కటి, చెవులు ఇరవై రెండు.
సౌండు పెడితే యూనిఫారం పిల్ల ఒచ్చి బందు పెట్టుమన్నది.
ఇగ మాటలన్నీ బాలకిష్టయ్యే చెప్పిండట,
దయ్యానివీ, దయ్యం పట్టినదానివీ.
టై కట్టుకున్నాయనొకాయన
ముందు సీటు సందులకెల్లి మెడ తిప్పి చూసిండట,
మళ్ల ముందరికి తిరగనే లేదట.

ఆఖరుకు బోరు పెట్టిండ్రు.
లాలప్ప కిటికీలకెల్లి చూసి
"అక్కా, బయట గూడ పొడే లేస్తున్నది,
ఇంక తడి తగల్లే" అన్నడు.
సరిగ్గ రంగు మారంగ
అద్దం నల్లగైంది.

నేనేమన్లే. స్క్రూ డ్రైవరు ఎతుకుతున్నట్టు చేసిన.

మూత పెట్టనియ్యలేదట జమ్ములమ్మ.
నల్లద్దాన్ని ఒళ్లె పెట్టుకోని
"ఇగో ఇప్పుడు లేస్తయి, ఇగో, మబ్బు,
ఇగో మా మరిది చెప్పులు" అనుకుంట
ఒక్కతే చెప్పుకొచ్చింది.
దిగుతున్నం మూసెయ్యమ్మా అంటే
"ఆగు బిడ్డా, పడ్తున్నయి" అన్నది ఆ పిల్లతోటి.
నీళ్లు అనంగనే ఆ వరసంతా
కాళ్లు పైకి తీసుకున్నదట.
టై ఆయన గూడ.
ఈ ముచ్చట నేను నమ్మలే.

కొత్త బ్యాటరీ ఏసిన. పైసలొద్దన్న.
ఎందుకన్నడు. వారంటీ అన్న.
నా దుకాణంల అసుంటిది లేదు,
వానికీ ఎరికే.

వాడు పోయినంక షట్టరు సగం దించి
బల్ల మీద పెట్టి ఆఖరుదాక నడిపిచ్చిన.
నాలుగు నిమిషాల పదారు సెకండ్లు, ఆగలే.
అప్పుడు నా కాళ్లు యాడున్నయో
అదీ రాయను.